పొట్లం వెనక చిన్న అక్షరాల చరిత్ర



మన సమాఖ్యలో గోరింటాకు పొడి, కుంకుడు పొడి, శీకాయ పొడి చేసే సంఘాల పని గురించి ఈ సంచికలో రాయమని నన్ను అడిగారు. ఎన్ని కిలోలు చేశాం, ఎంత అమ్మాం అనే లెక్కలు వేరే పేజీల్లో ఉన్నాయి, అవి మళ్లీ రాయను. పొట్లం మీద అంటించే లేబుల్ గురించి రాస్తాను. ఎందుకంటే వచ్చే సర్వసభ్య సమావేశంలో మనం చేయి ఎత్తాల్సిన విషయం అదే. ఒక వ్యాపారి మన దగ్గరికి వచ్చాడు. "నల్ల గోరింటాకు పొడి నేనే తెచ్చి ఇస్తాను, మీరు మీ సమాఖ్య పేరు మీద పొట్లాలు కట్టి అమ్మండి, ఎర్రపొడి మీద మిగిలేదానికి రెట్టింపు మిగులుతుంది" అంటున్నాడు. ముందు వైపు వేయడానికి కవరు నమూనా కూడా తెచ్చాడు. ఆకు బొమ్మ, కింద "హెర్బల్, అచ్చంగా ప్రకృతి సిద్ధం" అని. వెనక వైపు ఖాళీ. ఏం రాయాలని అడిగితే "మీ ఇష్టం, ఏదో ఒకటి రాయించండి" అన్నాడు.

ఆ ఖాళీ గురించే ఈ వ్యాసం. ట్రైనింగులో విన్నవి, మా ఊరి హైస్కూలు సైన్సు టీచరమ్మ విడమరిచి చెప్పినవి, నేను చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

మన అమ్మమ్మల కాలంలో గోరింటాకుకి లేబుల్ లేదు, అవసరమూ లేదు. ఆషాఢం వచ్చిందంటే దొడ్లో చెట్టు దగ్గరికి పోయి ఆకు దూసుకొచ్చి, కాస్త చింతపండు, ఒక వక్కముక్క వేసి రోట్లో రుబ్బేవాళ్లు. అట్లతద్దికీ అంతే. ఆకు కోసిందీ మనమే, రుబ్బిందీ మనమే, పెట్టుకున్నదీ మనమే. అందులో ఏముందో ఒకరు చెప్పాల్సిన పనేముంది? చెట్టు కళ్ల ముందు లేకుండా పోయినప్పుడు లేబుల్ కావలసి వచ్చింది. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ ప్రాంతంలో పండిన ఆకు అక్కడే పొడి అయి మన ఊరి కొట్టుకి వస్తుంటే, మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం కలిపారో మనకి తెలియదు. (సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు ఆ ప్రాంతం ఆకుకే వాడాలి. అక్కడివాళ్లకి తమ పేరు కాపాడుకోవాల్సిన అవసరం వచ్చిందంటేనే మనకి సంగతి అర్థం కావాలి.)

గోరింటాకు ఈ నాటిది కాదు. ఈజిప్టులో వేల ఏళ్ల నాటి మమ్మీల జుట్టు మీదా, గోళ్ల మీదా దాని ఆనవాళ్లు దొరికాయి. అన్నేళ్లుగా అది ఇచ్చిన రంగు ఒక్కటే, నారింజ నుంచి ముదురు ఎరుపు వరకు. ఆకులో ఉండే రంగు పదార్థాన్ని లాసోన్ అంటారు. ఎండిన ఆకులో అది నూటికి ఒకటి, రెండు పాళ్లే ఉంటుంది. అది మెల్లగా బయటికొచ్చి చర్మం పై పొరకీ, వెంట్రుకకీ పట్టుకోవాలి. అందుకే రాత్రంతా ఉంచుకుంటాం, తెల్లారాక కూడా ఇంకా పండుతూ ఉంటుంది. ఎంత మంచి ఆకైనా, ఎంత మంచి మొగుడు వచ్చేదున్నా, గోరింటాకు నల్లగా పండదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే మిగతా చరిత్ర సులువు.

మరి మొక్కల నుంచి నలుపు రాదా అంటే, జుట్టుకైతే వస్తుంది. అది నీలి మొక్క వల్ల. ముందు గోరింటాకు పట్టించి కడిగేసి, ఆ తర్వాత నీలి ఆకు పొడి పట్టిస్తే జుట్టు నల్లబడుతుంది. రెండు సార్లు, గంటల తరబడి పని. ఆ నీలి మన తెలుగు నేలదే. కంపెనీ వాళ్ల కాలంలో కడప జిల్లా నీలిమందుకి పేరుండేది, మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి పోయేది. 1897లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన నీలిని బజారులోకి దింపింది. కొద్ది ఏళ్లలోనే నీలి సాగు కుప్పకూలింది. మా టీచరమ్మ ఇది చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది, ఎందుకంటే నీలి పొలాలను దెబ్బ తీసిన ఆ తారు రంగుల కుటుంబమే తర్వాత గోరింటాకు పొట్లంలోకి కూడా దూరింది.

ఆ కుటుంబం కథ 1856లో లండన్‌లో మొదలైంది. విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రవాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేద్దామని ప్రయోగం చేస్తే, అది రాక ఊదారంగు వచ్చింది. బొగ్గు నుంచి దీపాల గ్యాస్ తీశాక మిగిలే నల్ల తారు అతని ముడి సరుకు. అప్పటిదాకా పారబోసే చెత్త. దాన్నుంచి ఒకదాని వెంట ఒకటి రంగులు వచ్చాయి. అతని గురువు హాఫ్‌మన్ 1863లో పారా ఫినైలిన్ డయమైన్ అనే పదార్థాన్ని వివరించాడు. నోరు తిరగని పేరు, అందరూ పీపీడీ అంటారు. తాజాగా ఉన్నప్పుడు అది తెల్లటి పొడి. గాలి తగిలితేనో, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితేనో నల్లబడుతుంది. 1880ల్లోనే ఫ్రాన్స్‌లో దాన్ని రంగు వేయడానికి పేటెంట్ చేశారు. 1907లో పారిస్‌లో యూజీన్ షుల్లర్ అనే కెమిస్టు తలకు రంగు తయారు చేసి మంగలి షాపులకు అమ్మాడు. 1909లో అతను పెట్టిన కంపెనీయే ఇవాళ్టి లోరియల్. గోరింటాకు రాత్రంతా చేసే పనిని ఈ రసాయనాలు అరగంటలో చేశాయి. జనం ఎగబడ్డారు, అందులో తప్పేం లేదు. కానీ పొట్లం మీద ఏముందో ఎవరూ రాయలేదు. రాయమని అడిగే చట్టం కూడా లేదు.

అమెరికాలో 1906లో ఆహారం, మందుల కల్తీ మీద ఒక చట్టం వచ్చింది. సౌందర్య సాధనాలను అందులో చేర్చలేదు. ఆడవాళ్ల అలంకరణ సామాన్లు చట్టసభకి పట్టేంత పెద్ద విషయం కాదని అనుకున్నారేమో, అది నా ఊహ. 1930ల మొదట్లో అక్కడ లాష్ లూర్ అనే రంగు వచ్చింది. కనురెప్పల వెంట్రుకలకి, కనుబొమలకి వేసేది. 1933లో ఒక మహిళ బ్యూటీ పార్లర్‌లో అది వేయించుకుంది. కళ్లు వాచి, పుండ్లు పడి, చూపు పోయింది. ఇంకో మహిళకి ప్రాణమే పోయింది. అందులో ఉన్నది పీపీడీ జాతి రంగు. ప్రభుత్వ ఆహార, ఔషధ శాఖ వాళ్లకి తెలుసు, కానీ ఆ సీసాను బజారులోంచి తీసేసే అధికారం వాళ్లకి లేదు. వాళ్లు ఏం చేశారంటే, ఆ మహిళ ఫోటోలు, రంగు వేసుకోక ముందుది ఒకటి, తర్వాతది ఒకటి, పక్కపక్కన పెట్టి ఎగ్జిబిషన్ చేశారు. పత్రికల వాళ్లు దానికి "అమెరికా ఘోరాల గది" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మహిళా సంఘాల వాళ్లు ఆ బొమ్మలు ఊరూరా చూపించి, చట్టం కావాలని ఉత్తరాలు రాశారు. మనలాంటి సంఘాల వాళ్లే, అక్కలూ.

అయినా అయిదేళ్లు పట్టింది. 1937లో విషపు ద్రావకం కలిపిన ఒక మందు తాగి 100 మందికి పైగా చనిపోతే, వాళ్లలో పిల్లలు చాలా మంది, అప్పుడు 1938లో కొత్త చట్టం వచ్చింది. ఈసారి సౌందర్య సాధనాలు కూడా అందులోకి వచ్చాయి. ఆ చట్టం కింద మొదట పట్టుకున్న సరుకుల్లో లాష్ లూర్ ఉంది.

కానీ ఒక మెలిక. తారు నుంచి తీసిన తల రంగులను పూర్తిగా ఆపలేదు. సీసా మీద హెచ్చరిక రాస్తే అమ్ముకోవచ్చని చట్టం వదిలేసింది. కొందరికి చర్మం మండవచ్చు, ముందు కొద్దిగా పరీక్ష చేసి చూసుకోవాలి, కనురెప్పలకి కనుబొమలకి వేయకూడదు, వేస్తే చూపు పోవచ్చు, ఇదీ ఆ హెచ్చరిక సారం. నాకైతే ఇది సగం గెలుపే అనిపిస్తుంది. అమ్మేవాడు రాసి చేతులు దులుపుకుంటాడు, చదవలేని మనిషి గతి ఏంటి? అయినా రాయకపోవడం కంటే రాయడం నయం.

ఇప్పుడు మన ఇంట్లో ఉన్న ఏ తల రంగు ప్యాకెట్టైనా తీసి వెనక చూడండి. దాదాపు అవే మాటలు ఉంటాయి. కళ్లు పోతాయన్న ఆ చివరి మాట చదివి "తలకి వేసుకునేదానికి కళ్ల గోల ఏంటి" అని నేను చాలాసార్లు అనుకునేదాన్ని. అది అక్కడి చట్టంలోంచి మన నిబంధనల్లోకి నడిచొచ్చిన మాట. పేరు కూడా తెలియని ఆడవాళ్ల కళ్లు ఆ వాక్యం వెనక ఉన్నాయి.

మన దేశంలో చరిత్ర ఇలా సాగింది. 1930లో వేసిన చోప్రా కమిటీ మందుల కల్తీ చూసి నివేదిక ఇస్తే, 1940లో డ్రగ్స్ చట్టం వచ్చింది. 1945లో దాని నిబంధనలు. అందులో సౌందర్య సాధనాలు లేవు. 1962లో సవరణ చేసి చట్టం పేరునే "డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్" అని మార్చారు, 1964 నుంచి అమలులోకి వచ్చింది. అప్పుడు కూడా సబ్బును బయటే ఉంచారు. 1982 సవరణతో సబ్బు లోపలికి వచ్చింది. కాబట్టి సబ్బులు చేసే మన సంఘాల వాళ్లు "మాకు ఇవన్నీ వర్తించవు" అనుకోకూడదు. చట్టం మూడు తప్పులను విడివిడిగా చెబుతుంది. కల్తీ ఒకటి, నకిలీ ఒకటి, తప్పుడు లేబుల్ ఒకటి. సరుకు మంచిదే అయినా లేబుల్ మీద అబద్ధం గానీ, దారి తప్పించే మాట గానీ ఉంటే అది కూడా నేరమే. 2020 డిసెంబరులో కాస్మెటిక్స్ నిబంధనలు విడిగా వచ్చాయి, ఇప్పుడు అవే నడుస్తున్నాయి. పీపీడీ లాంటి రంగు ఉన్న తల రంగుల మీద ఆ హెచ్చరిక ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ ఉండాలి. తెలుగులో కూడా, అంటే మన కోసం కూడా.

కలిపిన వస్తువుల జాబితా మాత్రం ఇంకా ఆలస్యంగా వచ్చిన సంగతి. అమెరికాలో 1970ల్లో, యూరప్‌లో 1990ల్లో అది తప్పనిసరి అయింది. మన నిబంధన ఏం చెబుతుందంటే, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలి. నూటికి ఒక పాలు, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని చివర్లో ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. దీన్ని చదవడం తెలిస్తే ముందు వైపు బొమ్మలన్నీ తేలిపోతాయి. ముందు కలబంద బొమ్మ ఉన్న షాంపూ తీసుకోండి. వెనక మొదటి పేరు నీళ్లు, రెండోది నురగ వచ్చే రసాయనం, ఆ తర్వాత ఉప్పు, సెంటు, ఆ తర్వాత ఎక్కడో కలబంద సారం. సెంటు కన్నా వెనక ఉందంటే అది ఎంత ఉంటుందో మీరే ఊహించండి. ఇది మోసం అనలేం, రాశారు కదా. ముందు వైపు చూసి కొన్నవాళ్లది ఒక లెక్క, వెనక వైపు చదివినవాళ్లది ఇంకో లెక్క.

"సారం" అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే మన సంఘాలు కొన్ని సబ్బుల్లో వేయడానికి సారాలు కొంటున్నాయి. ఆకునో వేరునో నీళ్లలోనో, స్పిరిట్‌లోనో, గ్లిజరిన్‌లోనో నానబెట్టి తీసేదే సారం. క్యాన్‌లో వచ్చేదాంట్లో ఆకు నుంచి వచ్చింది కొంత, మిగతాది నీళ్లు, గ్లిజరిన్. అందులో పురుగు పట్టకుండా మందు కూడా కలిపి ఉండొచ్చు. ఏ మొక్క, మొక్కలో ఏ భాగం, దేంతో తీశారు, నిల్వకి ఏం కలిపారు, ఈ నాలుగూ రాసిన పరీక్ష కాగితం ఇవ్వనివాడి దగ్గర కొంటే మన లేబుల్ మీద మనం రాసేదంతా గుడ్డి రాతే.

మొక్క పేరు లాటిన్‌లో ఎందుకు రాయాలి, మనకెందుకీ తిప్పలు అని చాలా మంది అడిగారు. మన భాషలోనే చూడండి, గోరింట వేరు, ముళ్ల గోరింట వేరు. ముళ్ల గోరింట చేతికి పండదు. వ్యాపారంలోనైతే ఇంకా ఘోరం. నీలి ఆకు పొడిని "నల్ల హెన్నా" అని, తంగేడు జాతి ఆకు పొడిని "రంగులేని హెన్నా" అని అమ్ముతారు. పీపీడీ కలిపినదాన్నీ "నల్ల హెన్నా" అనే అంటారు. ఒకే పేరు కింద ఒక ఆకూ ఉంది, ఒక రసాయనమూ ఉంది. లాసోనియా ఇనర్మిస్ అని రాస్తే మాత్రం ప్రపంచంలో ఎక్కడైనా గోరింటాకు ఒక్కటే. 1753లో లినేయస్ పుస్తకంలో ఎక్కిన పేరు అది, ఇప్పటికీ మారలేదు.

ఇక నల్ల పొడి సంగతి. పీపీడీని చేతికి, చర్మానికి పెట్టుకునే గోరింటాకులో వాడడానికి యూరప్‌లో ఒప్పుకోరు, జుట్టు రంగులో కూడా పరిమితి ఉంది. సముద్రం ఒడ్డున నల్ల బొమ్మలు వేయించుకున్న పర్యాటకులకి, పెళ్లిళ్లలో పెట్టుకున్న పిల్లలకి ఆ బొమ్మ ఎంత ఉందో అంత మేరా బొబ్బలు లేచి మచ్చలు మిగిలిన కేసులు డాక్టర్లు చాలా రాశారు. అంతకన్నా భయపెట్టేది ఏంటంటే, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే అది జీవితాంతం ఉంటుంది. పదేళ్లప్పుడు చేతికి నల్ల కోను పెట్టిన పిల్ల, నలభై ఏళ్లప్పుడు తలకి మామూలు రంగు వేసుకుంటే ముఖం వాచిపోవచ్చు. అప్పుడు మన పొట్లం ఎవరికి గుర్తుంటుంది?

నిబంధనల్లో ఒక సందు కూడా ఉంది. 30 గ్రాములకు లోపు చిన్న ప్యాకెట్ల మీద వస్తువుల జాబితా రాయకపోయినా ఒప్పుకుంటారు. కోన్లన్నీ దాదాపు ఆ సైజులోనే ఎందుకు ఉంటాయో నాకు తెలియదు గానీ, చూడగానే నాకు అదే గుర్తొస్తుంది.

అలాగని మొక్కదైతే చాలు, ఏ భయం లేదు అని కూడా రాయకూడదు. ఎర్ర రక్తకణాల్లో పుట్టుకతో ఒక లోపం ఉండే పిల్లలుంటారు, దాన్ని జీ6పీడీ లోపం అంటారు. అలాంటి చంటిపిల్లలకి అచ్చమైన గోరింటాకు పెట్టినా రక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి వచ్చిన కేసులు గల్ఫ్ దేశాల డాక్టర్లు రాశారు. కాబట్టి పసిపిల్లల కాళ్లకి చేతులకి పెట్టొద్దని మన లేబుల్ మీద ఉండాలని నా అభిప్రాయం. "స్వచ్ఛం" అంటే వేరేది కలపలేదని. "హాని లేదు" అనేది వేరే మాట. రెండూ కలిపి చెప్పి అమ్ముకునేవాళ్లు చాలా మంది ఉన్నారు.

వ్యాపారి ఇచ్చిన పొడి నమూనాను మేము కొద్దిగా నీళ్లలో కలిపి తెల్ల కాగితం మీద పెట్టాం. పావుగంట కాకముందే కాగితం నల్లగా అయింది. పక్కనే మన పొడి పెడితే గంటలు గడిచాక నారింజ మరక వచ్చింది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, అందులో ఏముందో దీంతో తేలదు. ఏది గోరింటాకులా నడుచుకోవడం లేదో మాత్రం తెలిసింది. ఇంకో రెండు సంగతులు కూడా చూడొచ్చు. నీళ్లలో వేయగానే ఆకుపచ్చ రంగు కారితే, తాజాగా కనిపించడానికి రంగు కలిపారేమో అని అనుమానించాలి. గ్లాసు అడుగున ఇసుక తేరితే బరువు కోసం కలిపినట్టే. పచ్చగా మెరిసే పొడే మంచిదని కొనేవాళ్లు అనుకుంటారు, అది నిజం కాదు. ల్యాబ్ రిపోర్టు తెచ్చివ్వమని వ్యాపారిని అడిగాం. ఇంతవరకు ఇవ్వలేదు.

అతని పొడిని మనం పొట్లం కట్టి మన పేరు వేస్తే, చట్టం ముందు ఆ పేరుగలవాళ్లం మనమే. అతని పేరు ఎక్కడా ఉండదు. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, పూర్తి అడ్రసు, ఏ తేదీలోపు వాడాలి అన్నవి లేబుల్ మీద వేయమనేది అందుకే. ఏదైనా అయితే ఎవరి తలుపు తట్టాలో తెలియాలని. ఆ తలుపు మన సమాఖ్య ఆఫీసుది. పొదుపు డబ్బులు ఉన్న ఆఫీసు.

రెట్టింపు లాభం వద్దనడం సులువు కాదు, నాకు తెలుసు. పొడి యూనిట్‌లో పనిచేసే వాళ్లలో ఇద్దరు పిల్లల ఫీజులు ఇంకా కట్టలేదు. నలుపు కావాలని అడిగే గిరాకీలు కూడా నిజమే. నా ప్రతిపాదన ఏంటంటే, నల్ల పొడి వద్దు. దాని బదులు గోరింటాకు ఒక పొట్లం, నీలి ఆకు ఒక పొట్లం, రెండూ జతగా, తలకి మాత్రమే అని రాసి, ముందు ఏది, తర్వాత ఏది, ఎన్ని గంటలు అని వాడే పద్ధతి కాగితం పెట్టి అమ్ముదాం. నీలి ఆకు ఎక్కడ దొరుకుతుంది, పరీక్ష కాగితంతో ఇచ్చేవాళ్లు ఎవరు, కిలో ఎంత పడుతుంది అనేది కనుక్కునే బాధ్యత ముగ్గురు తీసుకుంటే బాగుంటుంది. నేను ఒకదాన్ని ఉంటాను.

మన ఎర్రపొడి లేబుల్ వెనక వైపు కోసం ఒక చిత్తు రాశాను, సమావేశంలో చదివి వినిపిస్తాను. చట్టం అడిగిన వివరాలన్నీ ఇంగ్లీషులో పైన ఉంటాయి. వాటి కింద తెలుగులో నాలుగు వరసలు: "గోరింటాకు పొడి. ఇంకేమీ కలపలేదు. ఎర్రగా పండుతుంది, నల్లగా పండదు. చంటిపిల్లలకు పెట్టవద్దు." ప్రెస్సు ఆయన్ని అడిగాను, వంద గ్రాముల కవరు మీద ఈ నాలుగు వరసలూ కళ్లజోడు లేకుండా చదివేంత పెద్ద అక్షరాల్లో పడతాయట. ముందు వైపు ఆకు బొమ్మ కొంచెం చిన్నది చేయాలన్నాడు, సరేనన్నాను.